మాట కలవనప్పుడు ఏం చేయాలి? వేరే సంస్కృతి వారితో సంభాషణ సాధన చేసే విద్యార్థులకు

ఒకే సంభాషణ గురించి ఇద్దరు విద్యార్థులు విడివిడిగా రాసుకున్న రెండు నోటుపుస్తకాలు నా ముందు ఉన్నాయి. ఆ అమ్మాయి ఇలా రాసింది: "అరగంటసేపు నేనే మాట్లాడాను. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకున్నాడు. నాతో మాట్లాడటం ఇష్టం లేనట్టుంది." ఆ అబ్బాయి ఇలా రాశాడు: "చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోరు తెరిచేలోపే ఆమె ఇంకో ప్రశ్న వేసేది. నా మాట వినే ఓపిక లేనట్టుంది."

వేర్వేరు దేశాల విద్యార్థులను జోడీలుగా కూర్చోబెట్టి మాట్లాడించే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇలాంటి జంట నోటుపుస్తకాలు ఎన్నో చదివాను. వ్యాకరణం తప్పినందుకు మనసు విరిగిన జోడీ దాదాపు కనిపించలేదు. అర సెకను ముందే మాట అందుకున్నందుకు, అర సెకను ఆగినందుకు, నవ్వనందుకు, మరీ నవ్వినందుకు మనసు విరిగిన జోడీలు మాత్రం చాలా ఉన్నాయి. మాట తీరులో ఉన్న తేడాను మనం మనిషి గుణంగా చదివేస్తాం. ముభావి అంటాం, దురుసు అంటాం, గర్వం అంటాం. ఆ తీర్పును కాస్త వాయిదా వేసుకోవడం ఎలాగో చెప్పడమే నా ఉద్దేశం.

1. జోడీ కుదిరిన రోజే లెక్క తేల్చుకోండి

మీరు నేర్చుకుంటున్న భాష మాతృభాషగా ఉన్న మనిషి, మీ భాష నేర్చుకోవాలని కూడా అనుకుంటే అంతకు మించిన ఏర్పాటు లేదు. ఈ పద్ధతిని టాండెమ్ అంటారు. 1960ల చివర ఫ్రెంచి, జర్మన్ యువతీయువకులను ఒకచోట చేర్చిన కార్యక్రమాల్లో ఇది రూపుదిద్దుకుంది. దీనికి ప్రాణం రెండు సూత్రాలు. ఇచ్చిపుచ్చుకోవడం సమానంగా ఉండాలి. ఏం నేర్చుకోవాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

సమానం అంటే గడియారం చూసుకుని సమానం. గంటసేపు కలిస్తే మొదటి అరగంట ఒక భాష, తర్వాతి అరగంట రెండో భాష. ఇది పట్టించుకోని జోడీలకు ఏమవుతుందో ప్రతి ఏడాదీ చూస్తున్నాను. ఇద్దరికీ ఏ భాషలో సులువుగా గడిచిపోతుందో సంభాషణ ఆ భాషలోకే జారిపోతుంది. రెండు వారాలు తిరిగేసరికి ఒకరు జీతం లేని గురువు, ఇంకొకరు శిష్యులు అవుతారు. మొహమాటం కొద్దీ ఎవరూ నోరు విప్పరు. మూడో వారం ఒకరు రావడం మానేస్తారు.

మొదటి రోజే ఇవి అడిగేయండి: నేను తప్పు మాట్లాడితే ఎప్పుడు చెప్పాలి? ఏ విషయాలు ఎత్తకపోతే మీకు హాయిగా ఉంటుంది? రాలేని రోజు ఎంత ముందు చెప్పుకోవాలి? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, చెప్పకుండా రాకపోవడం కొందరికి మామూలు ఆలస్యం, కొందరికి అవమానం.

తప్పులు దిద్దడం గురించి నా అభిప్రాయం గట్టిది. వాక్యం మధ్యలో ఎవరినీ ఆపకండి. వింటూ కాగితం మీద రాసుకోండి. చివరి ఐదు నిమిషాల్లో మూడంటే మూడే చెప్పండి. పది చెబితే మరుసటి వారం ఆ మనిషి తప్పు పోకూడదనే భయంతో తనకు పక్కాగా వచ్చిన వాక్యాలే మాట్లాడతాడు. అప్పుడు నేర్చుకునేది ఆగిపోతుంది.

2. పేరు అడగండి, పిలుపు కూడా అడగండి

పేరు రాయించుకుని, పలికించుకుని, మీరు పలికి చూపించి, సరిగా ఉందో లేదో అడగండి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది, ఏడాదంతా పనికొస్తుంది. చైనీయులు, జపనీయులు, కొరియన్లు, హంగేరియన్లు ఇంటిపేరు ముందు చెబుతారు. పరదేశంలో ఉన్నప్పుడు కొందరు ఆ వరుసను తిప్పి చెబుతారు. అందుకే ఊహించకుండా "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడగడం మేలు.

పిలుపు సంగతి ఇంకొంచెం చిక్కు. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే ఫ్రెంచిలో తు, వూ ఉన్నాయి, జర్మన్‌లో డూ, జీ ఉన్నాయి. అయితే ఎప్పుడు ఏది అన్నది వ్యాకరణ పుస్తకం పూర్తిగా చెప్పదు, పైగా అది మారుతూ ఉంటుంది. స్వీడన్‌లో 1967లో ప్రభుత్వ వైద్య శాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్, ఉద్యోగులందరినీ 'డూ' అని పిలుస్తానని, తననూ అలాగే పిలవమని చెప్పారు. అప్పటికే మొదలైన మార్పుకు అది గుర్తుగా నిలిచింది. కొద్ది ఏళ్లలోనే బిరుదులు, హోదాలతో సంబోధించే పద్ధతి అక్కడ దాదాపు తొలగిపోయింది. అలాంటి చోటు నుంచి వచ్చిన విద్యార్థి ఆచార్యుణ్ణి పేరుపెట్టి పిలిస్తే అందులో అగౌరవం లేదు. అదే పని చేయలేక గొంతు పెగలని విద్యార్థిలో పిరికితనమూ లేదు. తెలియనప్పుడు గౌరవం ఎక్కువ ఉన్న రూపంతో మొదలుపెట్టండి. చనువైన రూపంలోకి రమ్మని ఎదుటివారు పిలిచినప్పుడు వెళ్లండి.

3. మౌనాన్ని వేళ్ల మీద లెక్కపెట్టండి

ఒక్క అడుగే వేసే తీరిక ఉందంటే ఇది వేయండి. మొదట్లో చెప్పిన జోడీ కష్టమంతా ఇక్కడే ఉంది.

ఒకరు ఆపిన తర్వాత ఇంకొకరు మొదలుపెట్టే దాకా ఎంత ఖాళీ ఉంటుంది? తాన్యా స్టివర్స్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో పది భాషల సంభాషణలను కొలిచారు. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలనే తీసుకున్నారు. అన్ని భాషల సగటు చూస్తే ఆ ఖాళీ సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. వాటిలో జపనీస్‌లో జవాబు అందరికంటే త్వరగా వచ్చింది, సగటున 7 మిల్లీసెకన్లే. డేనిష్‌లో అందరికంటే నిదానంగా, సుమారు 470 మిల్లీసెకన్లకు వచ్చింది. జపనీయులు మౌనప్రియులని విని ఉన్నవారికి ఈ అంకె ఆశ్చర్యం కలిగిస్తుంది. నాకూ కలిగించింది.

రెండు చివరలకూ మధ్య తేడా అర సెకను కూడా లేదు. కానీ మన చెవి తన సొంత భాష లయకు ఎంత అలవాటుపడి ఉంటుందంటే, ఆ అర సెకను దాటితే "ఏదో తేడాగా ఉంది" అని మనసు చెప్పేస్తుంది. నెదర్లాండ్స్‌లో 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, సాఫీగా సాగుతున్న సంభాషణలో 4 సెకన్ల మౌనం పడితే చాలు, తమను పక్కన పెట్టినట్టు జనం భావించారని తేలింది. మౌనం ఎందుకు వచ్చిందో ఆలోచించే లోపే బాధ మొదలవుతుంది.

రాన్ స్కాలన్, సుజాన్ స్కాలన్ అనే భాషాశాస్త్రవేత్తలు 1970ల్లో అలాస్కా, ఉత్తర కెనడా ప్రాంతాల్లో అథబాస్కన్ భాషల మూలవాసులు, ఇంగ్లీషు మాట్లాడేవారు కలిసినప్పుడు ఏం జరుగుతుందో గమనించారు. అథబాస్కన్లు తమ మాటల మధ్య కొద్దిగా ఎక్కువసేపు ఆగుతారు. ఆ విరామాన్ని ఇంగ్లీషువారు "ముగించారు" అని అర్థం చేసుకుని మాట అందుకుంటారు. దాంతో అథబాస్కన్లకు మాట ముగించే అవకాశమే దొరకదు. వీళ్లు అసలు మాట్లాడరని వారికి అనిపిస్తుంది, వాళ్లు అసలు మాట్లాడనివ్వరని వీరికి అనిపిస్తుంది. ఆ రెండు నోటుపుస్తకాలను మళ్లీ చూడండి, అక్షరం తేడా లేదు.

దీనికి తోడు రెండో భాష భారం. మనకు బాగా వచ్చిన భాషలో ఒక్క మాట బయటికి తేవడానికే మెదడుకు అర సెకనుకు పైగా, సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుందని ప్రయోగాల్లో తేలింది. మరి 200 మిల్లీసెకన్లకే జవాబు ఎలా వస్తుంది? ఎదుటివారు ముగించకముందే మనం లోపల సిద్ధమవుతూ ఉంటాం. పరాయి భాషలో వినడానికే శక్తి అంతా ఖర్చవుతుంది, సిద్ధం కావడానికి మిగలదు. అందుకే మాట్లాడే వంతు చేజారిపోతుంది.

చేయవలసింది ఇది. ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టండి. వేళ్లు మడుచుకున్నా ఫరవాలేదు. మూడు పూర్తయ్యే దాకా రెండో ప్రశ్న వేయకండి, అదే ప్రశ్నను వేరే మాటల్లో తిప్పి అడగకండి. తిప్పి అడగడం సాయమనుకుంటాం. నిజానికి సగం అల్లుకున్న వాక్యాన్ని తెంచేసి, ఆ మనిషిని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమనడమే అది.

మీరే వంతు అందుకోలేకపోతున్నవారైతే వేరే సాధన కావాలి. నేర్చుకుంటున్న భాషలో వంతును పట్టి ఉంచే చిన్న పలుకులు ముందు నేర్చుకోండి. "చూద్దాం…", "అంటే…", "ఒక్క నిమిషం, ఆలోచిస్తున్నాను" లాంటివి. ఇవి ప్రతి భాషలోనూ ఉంటాయి, పాఠ్యపుస్తకంలో మాత్రం అరుదు. మీ జోడీనే అడగండి: "ఆలోచిస్తున్నప్పుడు మీవాళ్లు ఏమంటారు?" జవాబు పూర్తిగా సిద్ధం కాకపోయినా ఆ పలుకు పలకండి. అది వినగానే ఎదుటివారు ఆగుతారు. చేయి కొద్దిగా ఎత్తడం, ఊపిరి వినబడేలా తీసుకోవడం కూడా చాలామందికి అర్థమవుతాయి.

4. ఊకొట్టడం ఎలాగో గమనించండి

కథ చెబుతుంటే ఊకొట్టాలి. అయితే ఎంత తరచుగా, ఎంత గట్టిగా, ఏ క్షణంలో అన్నది భాషను బట్టి మారుతుంది. జపనీస్‌లో దీనికి ఐజుచి అనే పేరే ఉంది. వినేవారు చాలా తరచుగా చిన్న పలుకులు వేస్తూ ఉంటారు. "వింటున్నాను, చెప్పండి" అని దాని అర్థం. దాన్ని "ఒప్పుకుంటున్నాను" అని తీసుకున్న విద్యార్థులు అరగంట తర్వాత "అన్నింటికీ సరేనని చివర్లో కాదన్నాడు" అని రాస్తారు. ఇక కదలకుండా, శబ్దం లేకుండా వినడమే గౌరవమని పెరిగినవారు ఉంటారు. వాళ్ల ముందు మాట్లాడటం గోడతో మాట్లాడినట్టు ఉందని జోడీలు వాపోతారు.

మాట మీద మాట పడటం ఇంకో రకం. డెబోరా టానెన్ అనే భాషాశాస్త్రవేత్త 1978లో కాలిఫోర్నియాలో ఒక పండుగ విందులో తనతో కలిపి ఆరుగురి సంభాషణను రికార్డు చేసి విశ్లేషించారు. ముగ్గురు న్యూయార్క్‌లో పెరిగినవారు, ఇద్దరు లాస్ ఏంజెలెస్ వారు, ఒకరు లండన్ ఆమె. న్యూయార్క్ వారికి ఇంకొకరు మాట్లాడుతుండగానే తోడు మాట కలపడం ఉత్సాహానికి గుర్తు, మాటకు ఊతం. మిగతావారికి అది అడ్డుపడటం. వాళ్లు మధ్యలో ఆగిపోయేవారు. అందరి మాతృభాషా ఇంగ్లీషే, అందరూ స్నేహితులే. ఈ ఉదాహరణ నేను ప్రతి తరగతిలో చెబుతాను, ఎందుకంటే సంస్కృతి అనగానే విద్యార్థులు పాస్‌పోర్టు రంగు చూస్తారు. ఒకే దేశంలో, ఒకే భాషలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో కూడా రెండు తీరులు ఉంటాయి.

మీ మాట మీద ఎవరైనా మాట వేస్తే ఒకసారి ఆగకుండా కొనసాగించి చూడండి. వారు హాయిగా తగ్గి వింటే అది ఊతం. తగ్గకుండా విషయం మార్చేస్తే అప్పుడు అడ్డుపడటం అనుకోవచ్చు.

5. అర్థం కానప్పుడు తల ఊపకండి

విద్యార్థులను బతిమాలుకునే విషయం ఏదైనా ఉందంటే ఇదే. అర్థమైనట్టు నటించడం వల్ల ఆ క్షణం గడుస్తుంది, తర్వాతి పది నిమిషాలు పాడవుతాయి. మీరు నవ్వి తల ఊపిన మాట మీద ఎదుటివారు ఇంకో మాట కడతారు, దాని మీద ఇంకొకటి. చివరికి "మరి మీరేమంటారు?" అని అడిగినప్పుడు ఇద్దరికీ సంగతి తెలిసిపోతుంది. అప్పుడు నొచ్చుకునేది మీరొక్కరే కారు. ఇంతసేపూ ఎవరికి చెప్పుకున్నానని వారూ నొచ్చుకుంటారు.

తిరిగి అడగడం తక్కువతనం అని మీకు అనిపిస్తే ఈ లెక్క వినండి. మార్క్ డింగెమాన్స, ఆయన సహచరులు 2015లో 12 భాషల మామూలు సంభాషణలను పరిశీలించి, సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు "ఏమన్నారు?" అన్న రకం ప్రశ్న వేస్తున్నారని చూపించారు. వీళ్లంతా తమ సొంత భాషలో, తమ సొంతవాళ్లతో మాట్లాడుకుంటున్నవారు. అంతకు రెండేళ్ల ముందు ఇదే బృందం 31 భాషలను పోల్చి, "ఆఁ?" అనే చిన్న పలుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని భాషల్లో కూడా దాదాపు ఒకేలా ఉందని తేల్చింది. మనుషులందరికీ ఉమ్మడిగా ఉన్న మాట ఏదైనా ఉంటే బహుశా అర్థం కాలేదని చెప్పే మాటే.

అయితే అడగడంలో మూడు మెట్లు ఉన్నాయి. వాటిని విడివిడిగా సాధన చేయండి.

అన్నిటికంటే కింది మెట్టు, మొత్తం మళ్లీ చెప్పమనడం: "ఏమన్నారు?" ఇందులో శ్రమంతా ఎదుటివారిదే. ఎక్కడ చిక్కుకున్నారో వారికి తెలియదు కాబట్టి అదే వాక్యాన్ని అదే వేగంతో, ఇంకాస్త గట్టిగా చెబుతారు. మీకు అప్పుడూ అర్థం కాదు.

రెండో మెట్టు, చిక్కుకున్న ముక్కను పట్టుకుని అడగడం: "ఎవరు వచ్చారన్నారు?", "ఎప్పుడు?", "ఆ చివరి మాట ఏమిటి?" మిగతాదంతా అర్థమైందని ఈ ప్రశ్నే చెప్పేస్తుంది.

పై మెట్టు, మీకు అర్థమైనది చెప్పి సరిచూసుకోవడం: "అంటే మీ అక్క చదువు మానేసిందనా?" తప్పయితే వారు దిద్దుతారు, సరైతే అవునంటారు. ఎదుటివారికి పడే శ్రమ ఒక్క తల ఊపు. డింగెమాన్స బృందం చూసిన భాషలన్నింటిలోనూ జనం తమకు వీలైనంత కచ్చితమైన ప్రశ్ననే ఎంచుకుంటున్నారు. మీరూ అలాగే చేయండి. ప్రతి సమావేశంలో పై మెట్టు ప్రశ్నలు కనీసం ఐదు వేయాలని నియమం పెట్టుకోండి. వింటున్నారని ఎదుటివారికి నమ్మకం కలిగించడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

భాష బాగా వచ్చినవారు మీరైతే మీ వంతు పని ఉంది. గొంతు పెంచకండి. వాక్యం చిన్నది చేయండి, వ్యాకరణం తీసేసి ముక్కలు ముక్కలుగా మాత్రం మాట్లాడకండి, అది పసివాడితో మాట్లాడినట్టు ఉంటుంది. సామెత వాడితే వెంటనే విప్పి చెప్పండి. "అర్థమైందా?" అని అడగడం మానేయండి, దానికి అందరూ అవుననే అంటారు. "ఇందులో మీకు కొత్తగా అనిపించింది ఏమిటి?" అని అడిగితే నిజం తెలుస్తుంది.

6. మెచ్చుకోలు, నిరాకరణ, నేరుగా చెప్పడం

"మీ ఇంగ్లీషు చాలా బాగుంది" అంటే ఒకరు "థాంక్యూ" అంటారు, ఇంకొకరు "లేదు లేదు, ఏం బాగుంది" అంటారు. రెండూ మర్యాదలే. ఒకటి ఇచ్చిన దాన్ని కాదనకపోవడం, రెండోది తనను తాను పొగుడుకోకపోవడం.

ఇక్కడ మీరు ఏ దేశపు అలవాట్ల జాబితానో కంఠస్థం చేద్దామనుకుంటారు. చేయకండి, కారణం చెబుతాను. రోంగ్ చెన్ అనే పరిశోధకుడు చైనాలోని షియాన్‌లో విద్యార్థులు మెచ్చుకోలుకు ఎలా స్పందిస్తారో అడిగి 1993లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 95కు పైగా జవాబులు ఏదో ఒక రకంగా తిరస్కరించేవే. అదే అధ్యయనాన్ని అదే చోట మళ్లీ చేసి 2010లో ప్రచురించారు. ఈసారి నూటికి 60కి పైగా జవాబులు మెచ్చుకోలును స్వీకరించేవి. ఊరు అదే, భాష అదే, తరం మారింది. పాత జాబితా పట్టుకుని వెళ్లిన విద్యార్థి తన ముందున్న మనిషితో కాక, ఆ మనిషి తల్లిదండ్రుల కాలంతో మాట్లాడుతూ ఉంటాడు.

నిరాకరణ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. "లేదు" అని సూటిగా చెప్పేవారికి "చూద్దాం", "కొంచెం కష్టం" అనే మాటలు ఆశలా వినిపిస్తాయి. వాటినే నిరాకరణగా వాడేవారికి సూటి "లేదు" చెంపదెబ్బలా తగులుతుంది. ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త 1976లో ఈ తేడాను రెండు తీరులుగా విభజించి చెప్పారు. అర్థం ఎక్కువగా పలికిన మాటలో ఉండే తీరు, ఎక్కువగా సందర్భంలో ఉండే తీరు. ఆ విభజన ఆలోచించడానికి మంచి సాధనమే, కానీ దేశాలన్నింటినీ రెండు గదుల్లో నింపడానికి వాడితే చెడిపోతుంది. నా పద్ధతి ఇది: సందేహం వచ్చినప్పుడు సులువుగా కాదనగలిగే దారి చూపించి అడగండి. "వచ్చే వారం కలుద్దామా, లేక మీకు చదువు ఒత్తిడి ఉందా?" అని అడిగితే, ఏ తీరువారైనా మనసులోది ఇబ్బంది లేకుండా చెప్పగలరు.

ఒక మాట మరచిపోకండి. "మీ దేశంలో అందరూ ఇలాగేనా?" అని అడగవద్దు. ఒక మనిషిని దేశానికి రాయబారిని చేస్తే ఆ మనిషి కనిపించడం మానేస్తాడు. "మీ ఇంట్లో ఎలా?", "మీకు ఎలా అనిపిస్తుంది?" అని అడగండి.

7. మూడు గళ్ల నోటుపుస్తకం

కలిసిన రోజే, నిద్రపోయే లోపు, పేజీని మూడు నిలువు గళ్లుగా గీసి రాయండి. మొదటి గడిలో కంటికి కనిపించినది, చెవికి వినిపించినది మాత్రమే. "విసుగ్గా చూశాడు" అని అక్కడ రాయకూడదు, "రెండుసార్లు కిటికీ వైపు చూశాడు" అని రాయాలి. రెండో గడిలో మీకు తోచిన అర్థం: "విసుగు పుట్టింది." ఇంకా కనీసం రెండు అర్థాలు కూడా అక్కడే రాయాలి: "మాట వెతుక్కుంటున్నాడు", "సూటిగా కళ్లలోకి చూడటం అతనికి అలవాటు లేదు." మూడో గడిలో మీ మనసుకు కలిగినది: కోపం, చిన్నతనం, సంతోషం. వర్ణన, వ్యాఖ్య, తీర్పు అనే ఈ మూడింటినీ వేరుచేయడం సంస్కృతుల మధ్య సంభాషణ నేర్పేవారు దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి. మొదటి వారం అందరూ మొదటి గడిలోనే తీర్పు రాసేస్తారు. నాలుగో వారానికి చేయి తిరుగుతుంది.

నెలకొకసారి, ఎదుటివారు ఒప్పుకుంటే పది నిమిషాలు రికార్డు చేయండి. అందులో రెండు నిమిషాలు చాలు, ప్రతి పలుకూ, ప్రతి విరామమూ రాయండి. గెయిల్ జెఫర్సన్ సంభాషణ విశ్లేషణ కోసం రూపొందించిన పద్ధతిలో విరామాలను సెకన్లలో కుండలీకరణాల్లో రాస్తారు, మాట మీద మాట పడిన చోట చదరపు బ్రాకెట్ గుర్తు ([) పెడతారు. ఆ రెండు గుర్తులు చాలు. రెండు నిమిషాలు రాయడానికి గంట పట్టవచ్చు. "నేను అసలు అడ్డుపడను" అని నమ్మే విద్యార్థి తన చేతి రాతలో ఏడు చదరపు గుర్తులు చూసుకున్నప్పుడు, నేను ఏమీ చెప్పనక్కర్లేదు. పని అయ్యాక రికార్డు తీసేయండి, తీసేశామని చెప్పండి.

8. గుంపులో ఒక్కరైనప్పుడు

ఇద్దరి మధ్య కుదిరినది నలుగురిలో కుదరదు. ఒకే తీరు వారు ముగ్గురు చేరితే వారి లయ వేగం పుంజుకుంటుంది, నాలుగో మనిషికి సందు దొరకదు. మీరు ఆ నాలుగో మనిషి అయితే మొదటి ఐదు నిమిషాల్లోనే ఏదో ఒకటి మాట్లాడండి, చిన్న ప్రశ్న అయినా సరే. ఆలస్యమయ్యే కొద్దీ మొదటి మాట బరువెక్కుతుంది. చర్చాంశం ముందే తెలిస్తే ఒక వాక్యం రాసుకుని వెళ్లండి. మీరు ఆ ముగ్గురిలో ఒకరైతే, "నువ్వేమంటావు?" అని హఠాత్తుగా అందరి ముందు అడగడం కంటే "ఈయన చెప్పాక నీ మాట వింటాం" అని ఒక వంతు ముందే చెప్పండి. సిద్ధం కావడానికి ఆ కాస్త సమయమే కావాలి.

అలసట వస్తుంది, ఆశ్చర్యపోకండి. పరాయి భాషలో రెండు గంటలు గడిపాక తల బరువెక్కడం, మీ భాషలో ఎవరితోనైనా మాట్లాడాలనిపించడం అందరికీ జరిగేదే. ఆ రోజుకు ఆపేసి, "ఈ రోజుకు నా భాష అయిపోయింది" అని జోడీకి చెప్పండి. చెప్పకుండా ముభావంగా కూర్చుంటే వారి నోటుపుస్తకంలో దానికి ఇంకో అర్థం చేరుతుంది.

9. ఆరో వారం పుస్తకాలు మార్చుకోండి

ఇద్దరూ ఒప్పుకుంటేనే. మూడో గడి చూపించడం ఇష్టం లేకపోతే మడిచి పెట్టండి, మొదటి రెండు గళ్లు చాలు. ఒకరిది ఒకరు మౌనంగా చదవండి, చదివేటప్పుడు సంజాయిషీ ఇవ్వకండి. తర్వాత ఒక్కొక్కరు ఒకే ప్రశ్న అడగాలి: "మనం మాట్లాడుకునేటప్పుడు నేను ఏం మారిస్తే మీకు సులువవుతుంది?" జవాబు రాసుకుని వెంటనే, ఆ కూర్చున్నచోటే, ఇంకో పది నిమిషాలు మాట్లాడండి.

నేను మొదట చెప్పిన ఆ ఇద్దరూ అలాగే మార్చుకున్నారు. ఆమె అతని పేజీ రెండుసార్లు చదివింది. అతను ఆమె పుస్తకం మూసి ఆమె వైపు జరిపాడు. కాసేపు ఇద్దరూ ఏమీ అనలేదు. తర్వాత ఆమె, అతను చిన్నప్పుడు ఏమవుదామనుకున్నాడో అడిగింది. అడిగి, బల్ల మీద చేయి పెట్టి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు. మూడో వేలు మడిచేలోపు అతను చెప్పడం ప్రారంభించాడు. ఆ రోజు గది తాళం వేయడానికి నేను ఇరవై నిమిషాలు ఆగవలసి వచ్చింది.